తక్కువ స్పీడు పనిచేయదు

చీరాల,
11 జూన్ 2024

వెంకటనారాయణ బాబాయి గారికి,

యాస్మిన్ నమస్కారాలు. మాలిక్ గారి అమ్మాయిని. నాన్న పోయినప్పుడు మీరు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆ తర్వాత పదకొండేళ్ళు నేను మీ మంచీచెడూ కనుక్కోలేదు. తప్పు నాదే.

మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ మీ కోడలు మాధవీలత వదినే ఎత్తింది. "మామయ్య ఫోన్లో మాట్లాడరమ్మా. ఉత్తరం రాయి, వెంటనే జవాబిస్తారు" అంది. ఎందుకని అడిగితే ఏదో పని చెప్పి పెట్టేసింది. అందుకే ఈ ఉత్తరం.

అమ్మ ట్రంకుపెట్టెలో ఐదు స్పూల్ టేపులు దొరికాయి. అట్టపెట్టెల మీద మీ చేతిరాత: "నసీమున్నీసా, పెళ్ళిపాటలు, మార్టూరు, 1986." మీరూ నాన్నా కలిసి మైక్‌సెట్టు నడిపిన రోజులవి అనుకుంటా. అమ్మ పాడిన ఈ పాటలు అమ్మకే వినిపించాలి. కాస్త తొందరగానే వినిపించాలి. హైదరాబాదులో ఎవరో వీటిని ఫోన్లోకి ఎక్కించి ఇస్తారట. కానీ ఉన్నవి ఐదే, కొరియర్లో పంపడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

అందుకని టేపురికార్డరే కొందామని పాత సామాను వేలం వేసే ఆన్‌లైన్ సైటులో వెతుకుతున్నాను. మార్చిలో ఒకటి కొన్నాను కూడా. "అద్భుతంగా పనిచేస్తుంది" అని రాశాడు. వచ్చాక విప్పి చూస్తే మోటారు ఉండాల్సిన చోటు ఖాళీ. మర్నాటికి ఆ అమ్మకందారు పేజీయే లేదు.

నేను చేసేదీ ఆన్‌లైన్ అమ్మకమే బాబాయ్. ఇక్కడి చేనేత చీరల కొట్టుకు ఫోటోలు తీసి పెడతాను. చీరలో ఏం దాస్తారో నాకు తెలుసు. ఈ యంత్రాల్లో ఏం దాస్తారో తెలియదు. ఇప్పుడు ముగ్గురు అమ్ముతున్నారు. ముగ్గురి పేజీలూ, ఫోటోలూ ప్రింటు తీసి దీంతో పెడుతున్నాను. ఎవరిని నమ్మాలో చెప్పండి.

మీ
యాస్మిన్

*

అద్దంకి,
17 జూన్

అమ్మా యాస్మిన్,

కవరు మీద అక్షరాలు చూసి మీ నాన్నే రాశాడేమోనని ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాను. "ళ" రాస్తే వాడు కూడా తోక బారెడు లాగేవాడు. పదకొండేళ్ళ లెక్క వదిలెయ్. నేను మాత్రం ఏం కనుక్కున్నాను?

ఫోటోల మీద ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి తిప్పి పంపుతున్నాను. పక్కన పెట్టుకుని చదువు.

మొదటివాడు విజయవాడ అని రాసుకున్నాడు. మూడువందల మంది మెచ్చుకున్నారంటున్నావు. ఫోటోలో గోడ మీద ప్లగ్గు చూడు. రెండు సన్నటి చీలికలు. మన ఇళ్ళలో గుండ్రటి కన్నాలు కదా ఉండేది? అది ఏ దేశం గోడో! ఆ యంత్రం వాడి దగ్గర లేదు. మెచ్చుకున్నవాళ్ళు వాడి దగ్గర ఏం కొన్నారో కూడా చూడు.

రెండోవాడు ఆరు ఫోటోలు పెట్టాడు, ఆరూ ముందువైపువే. వెనకవైపు లేదు. టేపు ఆనుకుంటూ పోయే హెడ్డు ఒక్క ఫోటోలోనూ కనపడదు. "లైటు వెలుగుతోంది" అని రాశాడు. పాట వస్తోందని రాయలేదు.

మూడోవాడు పొదిలి జయపాల్. ఫోటోలు మసకగా ఉన్నాయి, మనిషికి ఫోటో తీయడం రాదు. కానీ ఏం రాశాడో చూడు: "తక్కువ స్పీడు పనిచేయదు. మూత మీద గీత ఉంది. ఎలుక కొరికిన వైరు నేనే మార్చాను." అమ్మేవాడు తన సరుకు లోపం మొదటి వాక్యంలోనే రాశాడంటే నేను అక్కడ కాసేపు ఆగుతాను. నమ్మమనడం లేదు, ఆగమంటున్నాను.

ముగ్గురినీ ఇవి అడుగు. నీ పేరూ తేదీ రాసిన కాగితం యంత్రం పక్కన పెట్టి ఫోటో తీయమను. పాట నడుస్తుండగా వీడియో తీయమను. ఎందుకు అమ్ముతున్నాడో అడుగు. జవాబు ఏమిటన్నది ఎంత ముఖ్యమో, అడిగినందుకు వాళ్ళకు కోపం వస్తుందా రాదా అన్నదీ అంతే ముఖ్యం.

మా వదిన, మీ అమ్మ, ఎలా ఉంది? ఆ ఒక్క సంగతీ రాయలేదు నువ్వు.

వెంకటనారాయణ

*

చీరాల,
2 జూలై

బాబాయ్,

మీరు చెప్పినట్టే అడిగాను.

మొదటివాడు అరగంటలో జవాబిచ్చాడు. "సైటులో వద్దు మేడమ్, నేరుగా వేసేయండి, ఇంకో పార్టీ రెడీగా ఉంది" అన్నాడు. మెచ్చుకున్న మూడువందల మందీ కొన్నవి ఫోన్ కవర్లు! రెండోవాడు "డౌట్లు ఉంటే కొనకండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు.

జయపాల్ నాలుగు రోజులు పలకలేదు. ఆశ వదులుకున్నాక ఫోటో వచ్చింది. రూళ్ళ కాగితం మీద "యాస్మిన్ గారు, చీరాల, 28-6-24". గాలికి ఎగరకుండా దాని మీద స్క్రూడ్రైవరు పెట్టాడు. చర్చిలో ఇరవై ఏళ్ళు మైక్‌సెట్టు చూసుకున్నాడట. ఇప్పుడు అక్కడ అంతా కొత్త సామాను. "మూలన పడేస్తే మనసు ఒప్పడం లేదు, వాడుకునేవాళ్ళకి ఇద్దామని" అని రాశాడు. ఆయన కూతురు దేవకుమారి ఆ పేజీ చూసుకుంటుందట. కానీ ఆయన సైటులో చేరి ఆరు నెలలే. రేటింగులు రెండంటే రెండే. అదే నా భయం.

వీడియో పంపాడు. అందులో పాట నడుస్తూ ఉంటే పక్కనుంచి స్పీడు గురించి ఏదో చెబుతున్నాడు. పాట మోతలో నాకు మాటలు అందలేదు. మీరు మోతలోంచి మాట పట్టుకోగలరని నాన్న గొప్పగా చెప్పేవారు. మాధవీలత వదిన ఫోనుకు పంపాను. విని, మన టేపులకు సరిపోతుందో లేదో ఒక్క మాట రాయండి. వేలం పదిహేనో తారీఖున ముగుస్తుంది.

అమ్మ బాగానే ఉంది.

యాస్మిన్

*

అద్దంకి,
6 జూలై

అమ్మా,

వీడియో విన్నాను. సరిపోతుంది. రీలు సమంగా తిరుగుతోంది, టేపు ఎక్కడా వణకడం లేదు. మనం ఎప్పుడూ ఎక్కువ స్పీడులోనే ఎక్కించేవాళ్ళం. తక్కువ స్పీడు లేకపోయినా మనకు నష్టం లేదు.

రెండు రేటింగులని భయపడకు. ఎవరైనా ఒకటితోనే మొదలవుతారు. తీసుకో.

ఇక్కడ మిరప నారు పోశారు. ఇంట్లో అందరికీ చేతినిండా పని. నాకు తప్ప.

వెంకటనారాయణ

*

చీరాల,
5 ఆగస్టు

బాబాయ్ గారికి,

టేపురికార్డరు వచ్చింది. మనం మోసపోయాం.

మొదటి నుంచీ మీకు ఒకటి దాచాను. జనవరిలో అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కొంచెం తిరిగి వచ్చింది గానీ మాట రాలేదు. ఏడు నెలలుగా మా ఇంట్లో నేను ఒక్కదాన్నే మాట్లాడుతున్నాను. అమ్మకు అన్నీ అర్థమవుతాయి. చెప్పాలని నోరు తెరుస్తుంది, మాట దొరక్క కళ్ళు మూసుకుంటుంది. మీకు రాస్తే అది నిజమైపోతుందేమోనని రాయలేదు.

గుంటూరులో భానుశ్రీ అని మాట నేర్పించే డాక్టరమ్మ ఉంది. ఆవిడ అంది: "మాట పోయినవాళ్ళకి ఒక్కోసారి పాట మిగిలి ఉంటుందండీ. ఆవిడ చిన్నప్పటినుంచి పాడినవి, వీలైతే ఆవిడ గొంతుతోనే వినిపించి చూడండి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది." అందుకే ఈ టేపుల కోసం అంత ఆరాటపడ్డాను.

మొన్న ఆదివారం అమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి మొదటి టేపు వేశాను. అమ్మ ముందుకు వంగింది. గొంతు వచ్చింది బాబాయ్, కానీ మనిషి గొంతు కాదు, పిట్టల కిచకిచ. పాట తరుముకొస్తున్నట్టు పరుగెత్తింది. అమ్మ ఎడమచేత్తో చెవి మూసుకుని గోడవైపు తిరిగింది. ఆ రోజంతా నా వైపు చూడలేదు. వెక్కిరించడానికి వేశానని అనుకుందేమో. కాదని ఎంత చెప్పినా అమ్మ జవాబు చెప్పలేదు కదా.

ఆ కోపంలో జయపాల్‌కు ఒక్క స్టారు ఇచ్చి, "మోసగాడు. చెడిపోయిన యంత్రం అంటగట్టాడు. ఎవరూ కొనకండి" అని రాశాను. ఫిర్యాదు కూడా చేశాను. సైటువాళ్ళు ఆయన పేజీ మూసేశారు.

మీరు విని చెప్పారు కదా, సరిపోతుందని. మీకు కూడా తెలియకుండా ఎలా మోసం చేశాడు?

యాస్మిన్

*

అద్దంకి,
9 ఆగస్టు

తల్లీ యాస్మిన్,

జయపాల్ మోసం చేయలేదు. చేసింది నేను.

నాకు వినపడదమ్మా. నాలుగేళ్ళయింది. ముప్పై ఏళ్ళు స్పీకరు పెట్టెల పక్కనే నిలబడ్డాను. ముందు ఒక చెవి, తర్వాత రెండోది. చెవి మిషను పెట్టుకుంటే గోల వస్తుంది, మాట తెలియదు. అందుకే ఫోన్ ఎత్తను. ఇంట్లో పలక మీద రాసి చూపిస్తారు. మైక్‌సెట్టు నారాయణకు చెవుడట అన్న మాట మాలిక్ కూతురి దాకా పోవడం నాకు ఇష్టం లేకపోయింది.

నీ వీడియో వచ్చిన రోజు మాధవి "నేను విని రాసి పెడతాను మామయ్యా" అంది. అక్కర్లేదన్నాను. రీలు తిరగడం కళ్ళతో చూసి, విన్నానని నీకు రాశాను. నిన్న నీ ఉత్తరం వచ్చాక ఆ అమ్మాయిని బతిమాలాను. ఫోను చెవికి ఆనించుకుని పదిసార్లు విని రాసిచ్చింది. ఆయన అన్నది ఇదీ: "అమ్మా, దీంట్లో ఎక్కువ స్పీడు ఒక్కటే ఉంది. పెళ్ళిపాటలు చాలామంది తక్కువ స్పీడులో ఎక్కించేవాళ్ళు. అట్లయితే గొంతు పిట్టలాగా వస్తది. ముందు ఒక టేపు తీసుకురండి, వేసి చూద్దాం. సరిపోతేనే వేలం పాడండి."

ఇంతకంటే ఒక మనిషి ఏం చెప్పాలి?

చదివాక మార్టూరు పెళ్ళి గుర్తొచ్చింది. రెండు రోజుల పెళ్ళి. ఆడవాళ్ళ గదిలోకి మేం వెళ్ళకూడదు. కిటికీ చువ్వల మధ్య మైకు పెట్టి మీ నాన్నా నేనూ బయట కూర్చున్నాం. పెళ్ళికొడుకు బండి మీద ఒక పాట ఉంది. ఆడవాళ్ళంతా "బండి ఎందాకొచ్చే?" అని అడిగితే, వదిన ఒక్కతే "ఏరు దాటి ఇందాకొచ్చే" అని జవాబు పాడుతుంది. అడిగిన ప్రతిసారీ బండి ఒక్కో ఊరు దాటుతుంది. "టేపు అయిపోతే ఎట్టారా? నసీమ్ ఇంకా పాడతానే ఉంది" అన్నాడు మాలిక్. అని వాడే మీట తిప్పి స్పీడు తగ్గించాడు. నేను మరిచిపోయాను. విని ఉంటే గుర్తొచ్చేది.

వదిన అలా ఉందని తెలిసి అన్నం సహించలేదు. నన్ను ఏమన్నా అను. కానీ ఆ పొదిలి మనిషి మీద నువ్వు రాసిన మాట తీసెయ్.

వెంకటనారాయణ

*

చీరాల,
16 ఆగస్టు

బాబాయ్,

మీ ఉత్తరం మొదటిసారి చదివి చించేద్దామనుకున్నాను. రెండోసారి చదివి ఏడ్చాను. మీకు వినపడదని మీరు దాచారు. అమ్మకు మాట రాదని నేను దాచాను. ఇద్దరం కలిసి ఏ పాపమూ తెలియని మనిషిని దొంగను చేశాం.

ఒక్క స్టారు పడితే ఏమవుతుందో నాకు తెలియనిది కాదు. ఒకసారి మా చీర రంగు పోయిందని ఎవరో రాస్తే, అది నేసిన ఆయన కొట్టుకొచ్చి, ఆ మాటలు నా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. అంతా తెలిసి కూడా రాశాను.

రేటింగు మార్చాను. "తప్పు నాది. ఆయన లోపం ముందే చెప్పారు, నేను వినిపించుకోలేదు" అని రాశాను. సైటువాళ్ళు మాత్రం విచారణ అయ్యేదాకా పేజీ తెరవరట. జయపాల్ గారికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. క్షమించమని ఉత్తరం రాశాను, జవాబు లేదు.

అమ్మ ఇప్పుడు ఆ యంత్రం వైపు చూడడం లేదు. దాని మీద దుప్పటి కప్పాను.

యాస్మిన్

*

అద్దంకి,
1 సెప్టెంబరు

తల్లీ,

పొదిలి వెళ్ళొచ్చాను. ఒక్కణ్ణే. మాధవి నా జేబులో నోటుపుస్తకం పెట్టి, దాని మీద ఊరి పేరు పెద్దగా రాసింది. దర్శిలో బస్సు మారాను. కండక్టరు ఏదో అడిగాడు, పుస్తకం చూపించాను.

జయపాల్ వరండాలో ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. ఎవరినో, ఎందుకొచ్చానో చెప్పాను. మనిషి లేచి నిలబడి అరవడం మొదలుపెట్టాడు. మెడ మీద నరాలు కనపడ్డాయి.

"నువ్వు ఎంత అరిచినా నాకు ఒకటే జయపాలూ. వినపడదు. రాసి తిట్టు" అన్నాను.

నా చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు. ఆ పేజీ చింపి నీకు పంపుతున్నాను, నువ్వు చదవాల్సిందే. "నేను వీడియోలో చెప్పా. టేపు తెమ్మన్నా. మోసగాడు అని రాసింది. మా దేవకుమారి కాలేజీలో నలుగురి ముందు ఆ మాట చదివింది. ఇంటికొచ్చి, నిజమేనా నాన్నా అని అడిగింది. నా బిడ్డ నన్ను అడిగింది." పెన్ను నొక్కిన చోట కాగితం చిరిగింది చూడు.

"ఆ అమ్మాయి తప్పు సగమే. ఆ వీడియో నేను విన్నానని అబద్ధం చెప్పాను. నీ మాట నా దగ్గర ఆగిపోయింది" అన్నాను. తర్వాత వదిన సంగతి చెప్పాను. ఏడు నెలలుగా మాట లేదని, పాట కోసమే ఇదంతా అని.

చాలాసేపు ఫ్యాను రెక్కలు తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి అలాంటిదే ఇంకో యంత్రం మోసుకొచ్చాడు, విడిభాగాలకని ఉంచుకున్నది. నా అరచెయ్యి తీసి దాని మూత మీద పెట్టి మోటారు వేశాడు. తక్కువ స్పీడు, ఎక్కువ స్పీడు. తేడా చేతికి తెలిసింది. నాలుగేళ్ళ తర్వాత ఒక యంత్రం నాతో మాట్లాడింది తల్లీ. నా కళ్ళలో నీళ్ళు చూసి ఆయన తల తిప్పుకున్నాడు.

నీ దగ్గరున్న దాంట్లో స్పీడు మార్చే రబ్బరు చక్రం అరిగిపోయిందట, అంతే. ఈ యంత్రంలోది తీసి దానికి వేస్తానన్నాడు. 22న ఇద్దరం చీరాల వస్తున్నాం. కానీ పుస్తకంలో చివరగా ఇది రాశాడు: "అమ్మగారి కోసం వస్తా. ఆ అమ్మాయి కోసం కాదు."

వెంకటనారాయణ

*

చీరాల,
23 సెప్టెంబరు

బాబాయ్,

నిన్న మీరు గదిలోనే ఉన్నారు, అంతా చూశారు. కానీ వినలేదు కదా. అందుకని మీకు వినపడనిదంతా రాస్తున్నాను.

జయపాల్ గారు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నప్పుడు నేను చేతులు జోడించడం మీరు చూశారు. "మీ అమ్మాయితో నేనే మాట్లాడతానండీ, ఫోను ఇప్పించండి" అన్నాను. ఆయన నిలబడే ఫోను కలిపి ఇచ్చారు. దేవకుమారికి చెప్పాను, మీ నాన్న నిజమే చెప్పారు, అబద్ధం రాసింది నేను అని. ఆ పిల్ల "నాకు తెలుసండీ. ఒక్కసారి అడిగినందుకే నాకు ఇంకా బాధగా ఉంది" అంది. ఆ తర్వాతే ఆయన మంచినీళ్ళు తాగారు.

చక్రం మార్చి టేపు వేశారు. మొదట వచ్చింది పాట కాదు. నాన్న గొంతు! "నారాయణా, మైకు కొంచెం ఇటు జరుపు" అన్నారు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది అందుకే. మీరు గాభరాపడి నా వైపు చూశారు. భయపడి కాదు బాబాయ్. నాన్న మిమ్మల్ని పిలిచారు.

తర్వాత పాట. అమ్మ గొంతు ముప్పై ఎనిమిదేళ్ళ కిందటిది, నాకంటే చిన్నపిల్ల గొంతు. ఆడవాళ్ళు "బండి ఎందాకొచ్చే?" అని అడుగుతున్నారు, టేపులో అమ్మ జవాబు పాడుతోంది. మంచం మీద అమ్మ గోడవైపే తిరిగి ఉంది. మూడో ఊరు దాటాక ఇటు తిరిగింది. పెదవులు కదలడం మీరూ చూశారు, జయపాల్ గారి భుజం పట్టుకున్నారు. అప్పటికి గొంతు లేదు, ఊపిరే. ఐదో ఊరు దగ్గర గొంతు వచ్చింది. బొంగురుగా, టేపు కంటే కొంచెం వెనకగా, "ఇందాకొచ్చే" అంది. ఆ ఒక్క మాటే. మళ్ళీ అడిగారు, మళ్ళీ అంది.

టేపు అయిపోయి రీలు ఖాళీగా తిరుగుతుంటే నేను అడిగాను, బండి ఎందాకొచ్చే అని. నా పాట ఎంత ఘోరమో మీకు తెలియకపోవడం ఒక రకంగా మంచిదే. అమ్మ నవ్వింది. "ఏరు దాటి ఇందాకొచ్చే" అని మొత్తం పాడింది. ఈ ఉదయం భానుశ్రీ గారికి ఫోన్ చేసి చెబితే, దాన్నే పట్టుకోమన్నారు. పాటలో నుంచి మాటకు చాలా దూరం నడవాలట, నెలలు పట్టొచ్చట. నడుస్తాం. జయపాల్ గారు మిగిలిన నాలుగు టేపులూ ఒక్కొక్కటిగా వచ్చి వేస్తానన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. సాయంత్రం మీరిద్దరూ బస్సుకు వేళయిందని లేచారు. జయపాల్ గారు ఆటో పిలవడానికి ముందే వెళ్ళారు. మీరు అమ్మకు దణ్ణం పెట్టి బయటికి నడిచారు. మీరు మెట్లు దిగుతుండగా అమ్మ తల ఎత్తి, పాట కాదు, మామూలుగా, ఎవరింటికి ఎవరొచ్చినా ఇన్నేళ్ళూ అన్నట్టే "తినెళ్ళు" అంది.

నేను కొయ్యబారిపోయాను. మీరు వెళ్ళిపోతూనే ఉన్నారు. అమ్మ ఇంకోసారి, ఈసారి గట్టిగా, కోపంగా అంది. మీరు వెనక్కి తిరగలేదు. నేను తేరుకుని వీధిలోకి పరుగెత్తేసరికి ఆటో మలుపు తిరిగింది.

బాబాయ్, అమ్మకు మీ మీద అలక వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత నోరు తెరిచి పిలిస్తే వినిపించుకోకుండా వెళ్ళిన మనిషి మీరు. మీకు వినపడదని చెప్పాను. చెయ్యి విదిలించింది. నా మాట నమ్మినట్టు లేదు.

వచ్చే ఆదివారం రండి. పెందలాడే రండి, తినే వెళ్ళాలి. ఈసారి అమ్మ పిలవగానే నేను మీ భుజం తడతాను.

మీ
యాస్మిన్